లివరు మీద చెయ్యి

వీపనగండ్ల మండలంలో ఒక మామిడితోట. మిట్టమధ్యాహ్నం. ఆపి ఉంచిన ట్రాక్టరు వెనక కంప కొట్టే మిషను నడుమెత్తున లేచి ఉంది. తోట యజమాని ప్రదీప్ దాని కింద వెల్లకిలా పడుకొని, బ్యాటరీ గ్రైండరుతో బ్లేళ్లకు పదును పెడుతున్నాడు. కూలికి వచ్చిన విజయమ్మ డ్రైవరు సీటులో కూర్చుని, మిషనును లేపి దింపే లివరు పట్టుకుంది.

“...గట్టిగ పట్టుకో విజయమ్మా, సడలియ్యకు. లివరు లూజైంది. చెయ్యి తీస్తె మిషను దానంతట అదే దిగుతది.”

“పట్టుకున్న గదన్నా. కింద మొద్దన్న పెట్టుకోకపోతివి.”

“రొండు నిమిషాల పనికి మొద్దెందుకు? తుమ్మకంప కొట్టి కొట్టి బ్లేళ్లు మొండివడ్డయ్. పొద్దుగూకె వరకు కాలువగట్టు సాఫ్ చెయ్యాలె. ఎవన్ని పిలిచినా దీని కింద పండుకోనంటుండు. నాకే తప్పుతలేదు.”

“రెండిటిని ఒక్కతీరు అరగదియ్యి. ఒకటి బరువు, ఒకటి అల్కగ ఉంటె మిషను వణుకుతది.”

“అబ్బో. నీకెవరు చెప్పిన్రు?”

“మా ఆయన. అంచు మరీ పల్సగ తియ్యొద్దనెటోడు, రాయి తగిల్తె ఇరుగుతదని. నీ దగ్గర ఆరేండ్లు గిదే పని చేసె గద.”

“ఆఁ, ఏసురత్నం చెయ్యి మంచిది. పాపం.”

“ఆ చెయ్యే పాయె.”

“ఇగ రొండో బ్లేడు పడుతున్న. జర సప్పుడైతది.”

“గ్రైండరు ఆపన్నా, ఒక మాట.”

“ఏమన్నవ్? సప్పుడుల ఇనవడలే.”

“చెయ్యి తెగిన దినం ఆయన గూడ గిట్లనే పండుకున్నడా? తలకాయ గీ దిక్కే పెట్టిండా?”

“ఇప్పుడు గవన్ని ఎందుకు? యాడాది దాటె. మనిషే లేకపాయె. బాయిల పడి మూడు నెల్లాయె. ఇంక తవ్వుకుంటె ఏమొస్తది?”

“పడలే. దుంకిండు.”

“సరే, దుంకిండు. లివరు చూస్కో.”

“నువ్వు ఆ దినం ఏడున్నవన్నా?”

“ఎన్నిసార్లు చెప్పాలె? తోట ఆ మూలకున్న. మీ ఆయన తాగొచ్చి, నడుస్తున్న మిషన్ల చెయ్యి పెట్టిండు. ఊరందరికి ఎరుకే. జర పని కానియ్యి.”

“మల్ల గ్రైండరు పెడ్తివి.”

“పనున్నది గనక పెట్టిన.”

“ఇయ్యాల నన్ను లివరు పట్టుకొమ్మంటివి గద. ఎక్కి కూసున్నంక సమజైంది. కింద ఒకరు పండుకుంటె పైన ఒకరుండాలె. ఆ దినం పైన ఎవరుండె?”

“ఎవరు లేరు.”

“మరి మిషను ఎట్ల నడిచింది? కింద పండుకున్నోడే పైకొచ్చి తాళం తిప్పి, మల్ల పోయి కింద పండుకున్నడా?”

“తాగినోడు ఏం చేస్తడో ఎవరికి తెల్సు. నువ్వు... ఏయ్, దిగుతుంది, దిగుతుంది. ఆపు.”

“జారింది.”

“ఇంకోసారి జారితె నా మీదికొస్తది, సోయి పెట్టి పట్టుకో. విజయమ్మా. మల్ల దిగుతుంది విజయమ్మా.”

“దింపుతున్న.”

“ఏంది?”

“జారుతలేదన్నా. నేనే దింపుతున్న.”

“నవ్వులాటనా? ఆపు. ఆపు... ఆనింది. పొట్ట మీద ఆనింది, కదలరాదు. అక్కా.”

“అక్కనైతినా ఇప్పుడు. బ్లేడు ఎంత దూరమున్నది?”

“మెడకు బెత్తెడు. నీ కాల్మొక్కుత, లేపు.”

“లివరు పైకి గుంజితె లేస్తలేదు.”

“ఇంజను బందుంటె లేవదు. స్టార్ట్ చేస్తెనే లేస్తది.”

“తాళం దీనికే ఉన్నది. తిప్పనా?”

“వద్దు వద్దు. ఆగు. ముందుగాల పీటీవో గేరు చూడు.”

“అదేంది?”

“సీటు కింద, ఎడమ దిక్కు చిన్న గేరు. అది ముందుకుంటె, తాళం తిప్పంగనే బ్లేళ్లు తిరుగుతయ్. ఎన్కకుంటె తిరగయ్. ముందుకున్నదా, ఎన్కకున్నదా? నిమ్మళంగ చూసి చెప్పక్కా.”

“చూస్త. ఆ దినం ముందుకుండెనా, ఎన్కకుండెనా?”

“అక్కా, నాకు ఊపిరాడుతలేదు.”

“తాళం మీద చెయ్యి పెట్టిన.”

“ముందుకుండె. ముందుకుండె. నేను చూస్కోలే. బండి ఎండల కాలుతున్నదని నీడకు తీద్దామని ఎక్కిన. గప్పుడే మా బామ్మర్ది ఫోన్ చేసిండు. మాట్లాడుకుంట మాట్లాడుకుంట తాళం తిప్పిన. మొద్దు పెట్టుకొని కిందున్నడని యాది లేకపాయె. కావాలని చెయ్యలే, నా పిల్లల మీద ఒట్టు.”

“మాట్లాడుకుంట తిప్పినవ్.”

“అరిసిండు. గప్పుడు యాదికొచ్చింది.”

“మరి తాగిండంటివి. దవాఖానల డాక్టరు గూడ నోరు వాసనొస్తున్నదని చెప్పె. కాయితం మీద గట్లనే రాసిరి.”

“గవన్ని తర్వాత. ముందుగాల గేరు చూడక్కా.”

“చెప్పన్నా. ఇప్పుడు గ్రైండరు పెట్టరాదు నీకు.”

“నేనే పోసిన.”

“ఏడ?”

“కారుల. వనపర్తి దవాఖానకు తీస్కపోయెటప్పుడు. సోయి లేదాయనకు. సీటు కింద సీసా ఉండె. సగం నోట్ల పోసిన, సగం అంగి మీద పోసిన. కేసు నా మెడకు సుట్టుకుంటదని భయమైంది.”

“మింగిండా?”

“దగ్గిండు. కొంత బయటికొచ్చింది. కొంత పోయి ఉంటది. అక్కా, అంత చెప్పిన, ఒక్క మాట దాయలే. గేరు ఏ దిక్కున్నదో చెప్పు.”

“ఎన్కకే ఉన్నది. నేను ఎక్కినప్పుడే చూసిన.”

“మరి స్టార్ట్ చెయ్యి. మెల్లగ లేపు.”

“తిప్పుతున్న.”

“ఆఁ... లేసింది. ఇంకింత. సాలు. అట్లనే పట్టుకో, బయటికొస్తున్న.”

“రా.”

“వచ్చిన. ఇంజను బంద్ చెయ్యి. దిగు. సీటు దిగి తాళం ఇటియ్యి.”

“ఇగో.”

“ఏమే, మనిషిని సంపుదామనుకుంటివా? భయానికి ఏదో ఒకటి చెప్పిన. గీ తోటల నువ్వు, నేను, మామిడి చెట్లు. పోయి ఎవరికి చెప్తవో చెప్పుకో, ఎవడు నమ్ముతడో చూస్త.”

“ఎవరికి చెప్ప.”

“చెప్పరాదు నీకు. యాది చేస్కో. ఆ దినం దవాఖానల డాక్టరు, రోజు తాగుతడా అని అడిగిండు. నేనింకా నోరు తెరవనేలేదు. నువ్వే అంటివి. ‘మానిన అని చర్చిల బైబిలు మీద చెయ్యి పెట్టి ఒట్టేసిండు సారూ, రెండేండ్లాయె, మల్ల మొదలుపెట్టిండు’ అని. నేను సీసా వంపిన, గంతే. తాగుబోతని రాయించింది నువ్వు.”

“అవ్. నేనే.”

“మరి ఏం మొకం పెట్టుకొని నా మీద మిషను దింపినవ్?”

“నాకు తెల్సుకోవాలెనని ఉండె. సోయి వచ్చినకాన్నుంచి ఆయనది ఒకటే మాట. నోట్ల మందు వాసన ఉండె విజయా, కని తాగినట్టు యాది లేదు, ఎట్లొచ్చిందో తెల్తలేదు అనెటోడు. తాగి మరిసిపోయినవ్ అంటి. పాస్టరు ముందట నిలవెట్టి, అబద్ధపు ఒట్టు పెట్టినోడని చెప్పిన. ఆయన తలకాయ వంచుకొని ఇన్నడు. కొన్నాళ్లకు ఆయనకే అనుమానం వచ్చింది. నిజంగనే తాగిన్నేమో అని ఒక్కడే కూసోని గొణుక్కునెటోడు.”

“గవన్ని నాకెందుకు?”

“ఎడమ చేత్తోని తింటుంటె సగం మెతుకులు కింద పడేటివి. కలిపి పెట్టలే. మా బిడ్డ రోజా ముద్ద కలిపి పెట్టవోయింది. ఆ బిడ్డ చెయ్యి పట్టుకొని గుంజిన. తాగినోనికి ఎవరు పెట్టొద్దంటి.”

“ఇగ ఇంటికి పో విజయమ్మా. రేపట్నుంచి నా తోటకు రాకు.”

“రాను. బాయిల దుంకిన దినం పొద్దుగాల ఆకిలి ఊడుస్తున్న. దగ్గరికొచ్చి నిలవడ్డడు. ఊరు నమ్మకున్నా మంచిదే, డాక్టరు నమ్మకున్నా మంచిదే, నువ్వొక్కదానివి నమ్ము విజయా, నాకు సాలు, అన్నడు.”

“నువ్వేమంటివి?”

“ఏమనలే. నవ్విన.”