తొమ్మిదిమంది తెలుగు, పదో పిల్ల జర్మన్

హలో… ఆఁ, నేనే. అనసూయ మేడమ్‌నే… ఎవరూ?… భరద్వాజా? ఏ భరద్వాజ్?…

ఓ… మన ఢిల్లీ తెలుగు బడి భరద్వాజ్! వెనక బల్ల మీద నిద్రపోయేవాడివి, నువ్వేనా… గుర్తు లేకేం? ఆ బళ్ళో అన్నేళ్ళు తెలుగు చెప్పాన్రా, నిద్రపోయినవాళ్ళందరూ గుర్తే…

ఎక్కడుంటున్నావ్?… వసంత్ కుంజా. అబ్బో… నేనా? ద్వారకే. రిటైరయ్యాక ఇంకెక్కడికి పోతాను…

బడికి యాభై ఏళ్ళ పండగా? తెలుసు… నువ్వా చేయిస్తోంది? బడి కమిటీలో కూడా ఉన్నావా! హోంవర్కు ఏనాడూ తేనివాడు కమిటీలోకొచ్చాడన్నమాట…

నవ్వకు. నిన్ను నవ్వించడానికి అనలేదు.

శాలువానా? నాకా?… వద్దు బాబూ. బీరువాలో ఇప్పటికే నాలుగు పడున్నాయి, ఢిల్లీ చలికి ఒక్కటీ ఆగదు. మీరిచ్చేవి ఫొటో దిగడానికే గానీ కప్పుకోవడానికి పనికిరావు…

సావనీరా? ఆఁ, వాట్సాప్‌లో పంపారు. కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చదివాను. బడి చరిత్ర నువ్వే రాశావటగా… ఏడిశావులే!

అదీ ఒక చరిత్రేనట్రా? మొదటి పేజీలో ప్రెసిడెంటు. రెండో పేజీలో ప్రెసిడెంటు. మూడో పేజీలో ప్రెసిడెంటూ, వాళ్ళావిడానూ. ఆ తరవాత స్మార్ట్ బోర్డు… మరి బడి ఎలా పుట్టింది? "చిన్నగా ప్రారంభమై" అట! అంతే, ఒక్క ముక్క.

సర్కారు క్వార్టర్ల వెనక మైదానంలో టెంట్లు వేసి మొదలెట్టార్రా. మన తెలుగు గుమాస్తాలు, టైపిస్టులు ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చి గుంజలు పాతారు. ఏప్రిల్లో ఆంధీ లేచి ఆ గాలికి టెంటు ఎగిరిపోతే, పిల్లలు ఆ దుమ్ములో దాని వెనకాల పరిగెత్తి పట్టుకొచ్చేవారు… నేను చేరేసరికి ఇంకా రెండుండేవి. నువ్వూ టెంటులో చదివినవాడివే కదరా, రాయడానికి నామోషీ అయిందా?…

సరే, అదీ పోనీ. "ఊరి కబురు" ఏది?… అదేరా! రోజూ ప్రార్థనయ్యాక ఎవరో ఒకరు ముందుకొచ్చి ఊరి సంగతి చెప్పేవారు కాదూ? ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఎవరింటికి చుట్టాలు దిగితే మర్నాడు వాళ్ళ వంతు. "మా ఊరి కబురు తెచ్చాను" అని ఆ పిల్లో పిల్లాడో అనాలి. "చెప్పు, వింటున్నాం" అని బడంతా అనాలి…

గుర్తు లేదా? నీ మొహం!

అయితే నేనే చెప్తా విను. చేరిన కొత్తలో నీకు తెలుగు ముక్క రాదు. ఇంట్లో కూడా హిందీయే. మీ మావయ్య పాలకొల్లు నుంచి దిగాడని నిన్ను ముందుకు తోస్తే "మా అమ్మమ్మ భైంస్ ఈనింది" అన్నావు. మైదానమంతా ఒకటే నవ్వు. నీకు ఏడుపొచ్చేసింది… అప్పుడు నేనేమన్నాను?…

ఆఁ. వచ్చిందీ గుర్తు! "వాడు పాలకొల్లు నుంచి గేదెని తోలుకొచ్చాడు, మీరేం తెచ్చార్రా వెధవల్లారా? కొట్టండి చప్పట్లు" అని తిట్టి మరీ కొట్టించాను. మర్నాడు నువ్వే చెయ్యెత్తావు. ఆ ఏడాదంతా ఆ గేదె కబుర్లతో మమ్మల్ని చంపుకుతిన్నావు…

నవ్వు, నవ్వు. ఇప్పుడు నవ్వేసుకో. ఇక మీదట నేనడిగేదానికి నీకు నవ్వు రాదు.

వచ్చే ఏడు నుంచి తొమ్మిదో క్లాసులో తెలుగు ఎత్తేస్తున్నారటగా?

…

ఎవరు చెప్పారా?… గౌరి చెప్పింది. నా తరవాత అక్కడ తెలుగు చెప్తోందే, ఆ పిల్ల. ఫోన్లో ఏడ్చింది పాపం… పాలసీ ఏమిట్రా, పాలసీ! పదిమంది ఉంటేనే క్లాసు పెడతామన్నది మీ కమిటీయే కదా? తొమ్మిదిమంది పేర్లిచ్చారు. ఒక్కరు తక్కువని తలుపు మూసేస్తారా? తెలుగువాళ్ళు గుంజలు పాతి నిలబెట్టిన బళ్ళో!…

మూసేసి, మళ్ళీ వేదిక మీద నాకు శాలువా కప్పి "తెలుగు భాషకు వందనం" అంటారు. చచ్చినవాడి కళ్ళు చారెడని! ఇంకా చావలేదురా. తొమ్మిదిమందితో ఊపిరాడుతోంది…

ఆఁ, ఇంకోటి. పండగలో స్వాగతం చెప్పే పిల్లకి తెలుగు మాటలు హిందీ అక్షరాల్లో రాసిచ్చారటగా? తెలుగు చదవగలిగే పిల్లలు తొమ్మిదిమంది ఉండగా, ఏమిట్రా ఈ దరిద్రం?… ఎవరా పిల్ల?… ఎవరూ?… గట్టిగా చెప్పు, వినపళ్ళా.

…

మీ అమ్మాయా.

… అనూహ్య. బాగుంది పేరు. ఏ క్లాసు?… ఎనిమిది. అంటే వచ్చే ఏడు తొమ్మిది… ఏం తీసుకుంది?…

జర్మనా!

ఓరి నీ అసాధ్యం కూలా! పదో పిల్లని ఇంట్లో పెట్టుకుని, కమిటీలో కూర్చుని "ఒక్కరు తక్కువయ్యారు" అంటావా? ఛీ!…

మార్కులొస్తాయా? ఏం చేసుకుంటుందిరా ఆ జర్మన్? కూరగాయల భయ్యాతో బేరమాడుతుందా?… తనే తీసుకుందా? నువ్వడిగావా దాన్ని?… అదే, నోరు తెరిచి అడిగావా?… అడగలేదు. సంతకం మాత్రం గీకేశావు.

ఎక్కడుందిప్పుడు?… పక్క గదిలోనేనా. వెళ్ళి అడుగు… ఇప్పుడే… ఆగుతాను, నాకేం రైలు తప్పిపోదు… ఫోన్ పెట్టేశావో, మీ పండగ రోజున శాలువా కప్పుకుని మైకులో ఇదే కబురు చెప్తా. ఒట్టు… వెళ్ళు.

…

కమిటీ అట, కమిటీ… దీదీ! కుక్కర్ బంద్ కర్ దో!… సిగ్గులేకపోతే సరి…

…

హలో?… ఆఁ, నేనే… అనూహ్యవా?… ఆంటీ కాదమ్మా, మేడమ్‌ని. మీ నాన్నకి తెలుగు నేర్పాను. నేర్పాననే అనుకున్నాను… హిందీలోనైనా చెప్పు, పర్లేదు…

ఏమిటీ?… మళ్ళీ అను.

…

"మా ఊరి కబురు తెచ్చాను"… ఎవరు నేర్పారే నీకిది?… నాన్నా?… ఎప్పుడు?… ఇప్పుడే, గుమ్మంలో నిలబడి…

ఊఁ. ముందు గుర్తు లేదన్నాడు నాతో, దొంగ వెధవ.

సరే. ఇక్కడ వినేది నేనొక్కదాన్నే, అయినా బడంతా ఉందనుకో. చెప్పు తల్లీ, వింటున్నాం.

…

… పదో పేరు నీదా.

నువ్వే అన్నావా, నాన్న అనమన్నాడా?… నువ్వే. నిజం?… మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?… ఎవరూ అడగలేదు. ఊఁ… తెలుగు సరిగ్గా రాదని నవ్వుతారనా?… నవ్వనీవే. మీ నాన్నని చూసి బడంతా నవ్వింది. అయినా కమిటీలోకొచ్చాడుగా, దిక్కుమాలినవాడు…

అక్షరాలు రావా?… ఆదివారం మెట్రో ఎక్కి ద్వారక వచ్చెయ్. నేను నేర్పుతా. నాన్నని కూడా లాక్కురా, వాడూ మర్చిపోయుంటాడు…

వాడికియ్యి ఫోను… మాట్లాడలేనంటున్నాడా? అయితే నువ్వే చెప్పు. సోమవారం ఆఫీసు మాని, నీ వెంట బడికొచ్చి, గౌరి మేడమ్ ముందు జర్మన్ కొట్టేసి తెలుగని రాసి సంతకం పెట్టాలి. ఫొటో తీసి నాకు పంపాలి. వాడి నోటిమాట నేను నమ్మను…

శాలువా గిలువా ఏం వద్దు. ఆ ఫొటో వస్తే నేనొస్తా. పండగ రోజు ప్రార్థనయ్యాక ఈ కబురు నువ్వే చెప్పాలి. హిందీ అక్షరాల్లో రాసుకొచ్చావో, స్టేజీ ఎక్కి చెవి మెలేస్తా… ఆఁ, మధ్యలో హిందీ ముక్క పడితే పడనీ…

ఏదీ, ఒకసారి గట్టిగా అను. వెనక బల్ల మీద నిద్రపోయేవాడు కూడా లేచేలా.

…

బాగుంది… ఏమిటే ఆ చప్పుడు?…

మీ నాన్నా?… చప్పట్లా?

…

ఊఁ. ఈసారి తిట్టకుండానే కొట్టాడన్నమాట, వెధవ… ఉంటానమ్మా.