మైకు జీపుకు దారి డబ్బా

హలో… ఆ, నేనే బిడ్డా, నాయనమ్మను. ఒక్కదానివే ఉన్నవా సింధూ? … మీ బాపు? … తానానికి పోయిండా? మంచిగైంది. తలుపు దగ్గరికెయ్యి. వచ్చి నా పక్కల కూసున్నట్టు కూసో. ఒక ముచ్చట చెప్త. మీ బాపు తానం అయ్యేలోపల ఒడవాలె.

… ఏందే, ఇయ్యాల నీ గొంతు గుళ్ళె గంట లెక్క వినవడ్తున్నది! రోజు దోమ గుయ్యిమన్నట్టు ఉండె. నా చెవుడుకు కూడా మంచిగ అందుతున్నది… నీ మాట నీకే మర్లి వినవడ్తున్నదా? టవర్ కిరికిరి కావచ్చు. పోనీ.

యాడనా? మన జీపుల. … అవ్, జీపులనే. అద్దాలన్నీ ఎక్కించుకొని కూసున్న. మీ తాత ఎన్క అర్రల పండుకున్నడు, ఆయన చెవుల పడొద్దని.

… పండుకునే యాళ్ల కాదు, నాకెరుక లేదా? నిన్న సంది గట్లనే ఉన్నడు. అన్నం పెడితే కలుపుతడు, ఇడిచిపెడ్తడు. జీపు తాళంచెవి తీసి గోడ మొలకు తగిలేసి, "మాపు మన కొడుకు దివాకర్ వస్తడు గద, ఇచ్చెయ్యి" అన్నడు. గంతే. గోడ దిక్కు మర్లిండు.

ఆ, గదే. మీ బాపు ఇప్పుడు తయారైతున్నది గా తాళంచెవి గుంజుకపోవటానికే. అందుకే ఫోన్ చేసిన. నువ్వు మీ బాపుకు ఒక మాట చెప్పాలె. ఏం చెప్పాలెనో మొదటి సంది చెప్త, అడ్డం రాకు.

ఎండకాలంల మీ ఇంటికి తుర్కయాంజాల్ వస్తమని బయలెల్లినమా? … ఆ, మీ ఇల్లు దాటి ఎల్బీనగర్ దాంక పోయినం. దారి తప్పి కాదు బిడ్డా! నేను మా చిన్నాయన పెండ్లి ముచ్చట చెప్పుకుంట వస్తున్న, అది ఒడవలే. మధ్యల మీ తాత బండి ఎట్ల ఆపుతడు? ముచ్చట ఒడిసే యాళ్లకు ఎల్బీనగర్ వచ్చింది. మీ బాపు ఏమన్నడు? "బాపుకు యాది తప్పుతున్నది. డెబ్బై నాలుగేండ్లాయె. జీపు బందు" అన్నడు. మీ తాత మీసం మీద చెయ్యేసిండు. ఆఖరుకు మీ బాపే ఒప్పుకున్నడు — "దారి చూపే డబ్బా పెట్టిస్త, దాని మాట విని నడుపు. ఒక్కపారి తప్పినా తాళంచెవి నాది."

… అవ్, కంపెనీదే. బజార్ల దొరికేది కాదు. గిదే తీరు బండి, జర కొత్తది, తుక్కుకు పోతుంటే దాంట్లకెళ్లి ఊడదీసింది. తెర ఉంటది, పాట ఉంటది, దారి ఉంటది. క్రాస్‌రోడ్డు కాడ కరెంటు పని చేసే ఐలేష్ లేడా? ఆయన వచ్చి బిగించిండు. పొద్దుగాల చాయ తాగి షురూ చేస్తే మాపటి చాయకు కూడా ఒడవలే.

ఎందుకంటే పాత జీపు బొంద చిన్నది, డబ్బా పెద్దది. కోసిండు. వైర్లు కలుస్తలేవు, ఇది మగది అది ఆడది అన్నట్టు. ఒక్కొక్కటి కోసి ముడేసిండు. లోపలి స్పీకర్లు చూస్తే ఎలుకలు కొరికి ఉత్త ఇనుప జాలి మిగిలింది. "పెద్దమ్మా, సప్పుడు యాడికెళ్లి రావాలె?" అన్నడు. మీ తాత అన్నడు — "జీపు మీద మైకు గొట్టం లేదా? ఇరవై ఏండ్లు ఊరంత దండోరా ఏసింది. దానికే కలుపు." కలిపిండు.

… అరే, మళ్ల గట్లనే వినవడ్తున్నది నీ గొంతు, పైనుంచి పడ్డట్టు. ఎదురింటి కుక్కలు కూడా మొరుగుతున్నయ్, పాడు కుక్కలు.

ఆ, బిగించినంక డబ్బా నాలుగంకెలు అడిగింది. దొంగిలించిన డబ్బా కాదని సాక్ష్యమంట. మూడుసార్లు తప్పు కొడితే గంటసేపు అలుగుతది. మీ తాత జీపు నంబరు కొట్టిండు. కాదన్నది. మా లగ్గమైన సాలు కొట్టిండు. కాదన్నది. "అయితే దివాకర్ పుట్టిన సాలే అయ్యుంటది" అని అదీ కొట్టిండు… నవ్వకే! గాయన నమ్మకం గాయనది. అలిగింది. గంట కూసున్నం. మళ్ల మూడు, మళ్ల గంట. ఆఖరుకు ఐలేష్ మొత్తం ఊడదీసి చూస్తే డబ్బా ఈపు మీదనే చీటీ అంటించి ఉన్నది!

అయిపోయినంక ఐలేష్ నా ఫోన్ అడిగిండు, నువ్విచ్చిన వేలి ఫోన్. మీ తాతది గుండీల ఫోన్ కదా. డబ్బాకు ఏదో కలిపిండు. "పెద్దమ్మా, ఇగ నీ ఫోన్ల పాటలు బండ్లకెళ్లి వస్తయ్" అన్నడు. నాకెందుకు పాటలు, నేనే పాడుత అన్న.

… చెప్తున్న చెప్తున్న, అడుగు అడుగునా ఆపకు.

గీ ఎదురింటి నర్మద చూడు, ముంగట వాకిట్ల చీపురు పట్టుకొని నిలబడి జీపు దిక్కే చూస్తున్నది. ఊడుస్తలే, ఏం లే. పనిలేని మనిషి.

ఆ. నిన్న పరీక్ష. తుక్కుగూడల మీ మేనత్త త్రివేణి కొత్తిల్లు ఉన్నది కదా, పన్నెండు కాకముందు ఆడికి రావాలెనని మీ బాపు ముందుగాల్నే పోయి కూసున్నడు. మేము బయలెల్లినం. ఊరు దాటలే, డబ్బల పిల్ల ఇంగిలీషుల ఏదో అన్నది. గొట్టంలకెళ్లి అంటున్నది కదా, రోడ్డు మీద మందంత మర్లి చూస్తున్నరు. తెర మీద బాణం ఉంటది, అదే మనం. ఆ బాణం రోడ్డు ఇడిసింది. చక్కగ పోయి పెద్దచెర్వుల దిగింది!

… అవ్, చెర్వుల! మేము రోడ్డు మీద, బాణం నీళ్లల్ల. ఆగదు, అలవదు, ఈదుకుంట పోతున్నది. మీ తాత చెమటలు తుడుసుకుంట "నర్సింహమ్మా, మనం యాడున్నమే?" అన్నడు. రోడ్డు మీదున్నమయ్యా అన్న. "డబ్బా చెర్వంటున్నది" అన్నడు. మనిషి మాట తప్పడు కదా, డబ్బా చెప్పినట్టే నడుపుత అన్నడు మీ బాపుతోని. అది ఎడమ అంటే ఎడమకు కొట్టిండు. శేరిగూడ కాడ ఇంజినీరింగు కాలేజీ గేటు! వాచ్‌మన్ మైకు జీపు చూసి, ఏదో ఫంక్షన్‌కు పిలిపించిన్రనుకొని గేటు తీసిండు. లోపలికి పోయినంక అది ఎన్కకు తిరుగు అన్నది. తిరిగిండు. మళ్ల తిరుగు అన్నది. మళ్ల తిరిగిండు. మైదానం చుట్టూ మూడు సుట్లు తిరిగినం బిడ్డా, గుడి చుట్టూ తిరిగినట్టు. పిల్లలు చప్పట్లు, ఈలలు. నేను చెయ్యి ఊపిన, ఏం చేస్త మరి?

… ఆ, పిల్లలు తీసిన గా వీడియోనే. అదే మీ బాపు ఫోన్లకు వచ్చింది.

గాని తర్వాత సంగతి వీడియోల లేదు, అది చెప్పాలె నువ్వు. మీ తాత రుమాలు తీసి తెర మీద కప్పిండు. గొట్టం ఎంత ఒర్రినా వినలే. ఇగ ఆయనే నడిపిండు. తుక్కుగూడ కాలనీ ఎరుకనే కదా, గల్లీలన్నీ ఒక్క అచ్చుల పోసినట్టు ఉంటయ్. ఎట్ల పోతవయ్యా అన్న. "ఇండ్లు మారినయ్ గని ఎత్తువంపు మారిందా? గియ్యి ఒకప్పటి నారయ్య కంది చేన్లు. ఇగో, మూడో గేరు గుంజుతలేదు, రెండు ఎయ్యాలె. రెండేసిన కాడ కుడికి పోతే చేను గట్టు, గట్టు మీదనే బిడ్డ ఇల్లు" అన్నడు. గేరు మార్చుకుంట, మార్చుకుంట పోయి బ్రేక్ ఏసిండు. చూస్తే త్రివేణి ఇంటి గేటు! పన్నెండుకు ఇంకా పావు తక్కువ.

గాని మీ బాపు వీడియో చూపెట్టి, "మ్యాపు పెట్టినా మూడు సుట్లు తిరిగినవ్, రేపు పెద్ద రోడ్డు మీద తిరిగితే?" అన్నడు. మీ తాత "మిషిన్ అబద్ధం చెప్తదా? నా తలకాయే పోయింది కావచ్చు" అన్నడు.

అందుకే నువ్వు చెప్పు మీ బాపుకు — డబ్బా ఖరాబున్నది, తాత మంచిగున్నడు అని. గంతే.

… ఆఁ? డబ్బా ఎట్ల ఖరాబైంది అంటే నాకేమెరుక?

… నేనేం దాస్తున్న? … ఏం లేదు. … అరే, పోలీసోళ్ల తీరు అడుగుతవేందే!

… సరే. ఒట్టెయ్యి, మీ బాపుకు చెప్పనని. … ఆ.

ఐలేష్ బిగించేటప్పుడు ముంగటద్దం కింద నల్లగ బిళ్ళ ఒకటి పెట్టిండు, మందు డబ్బ అంత. "దీనికి ఆకాశం కనవడాలె పెద్దమ్మా, ఆడినుంచే దారి అందుతది" అన్నడు. నేనేమనుకున్న? బండికి కొత్త వస్తువ వచ్చింది, నల్లగ, బోడిగ, ఆకాశం దిక్కు చూసుకుంట కూసున్నది, నజర్ తగలదా? మనింట్ల కొత్త బోరు మోటరుకు కూడా పసుపు రాస్తం కదా. ముద్దగ పసుపు కలిపి, గా బిళ్ళ మీద మెత్తి, దాని మీద మన ఎల్లమ్మ తల్లి ఇత్తడి రేకు బిర్రుగ అతికించిన. సుట్టూ నాలుగు నిమ్మకాయలు. మీ తాతకు చెప్పలే… ఇయ్యాల పొద్దుగాల ఐలేష్‌ను ఊకెనే అడిగినట్టు అడిగిన. "రేకు అడ్డమొస్తే దానికి కండ్లు పోయినట్టే, ఉత్తగ అంచనాతోని పోతది" అన్నడు.

… అవ్. కప్పిన. … అవ్ బిడ్డా, నేనే కప్పిన! ఎన్నిసార్లు అడుగుతవ్, గంత గట్టిగ!

… అన్నట్టు ఏంది? తాత తలకాయ మంచిగనే ఉన్నది. నాదే పోయింది.

ఇప్పుడు రేకు పీకెయ్యనీకే జీపెక్కిన. పసుపు ఎండి సిమెంటు లెక్క పట్టుకున్నది, అట్లకాడతోని పీకిన. తాళంచెవి తిప్పి చూసిన. బాణం మనింటి మీదనే నిలబడ్డది, బుద్ధిమంతురాలి లెక్క. అప్పుడే నీకు ఫోన్ చేసిన.

… ఆ, తిప్పే ఉన్నది. బందు చెయ్యలే. ఎందుకు?

ఆగు ఆగు. నర్మద పక్కకు వాళ్లత్త వచ్చింది. పాలాయన సైకిల్ ఆపిండు. బడి పిల్లలు నవ్వుతున్నరు. ఏమైందో… అద్దం దింపుత.

ఏందే నర్మదా? … ఏం వినవడ్తున్నది? … మైకులకెళ్లా?

… ఎవ్వరిది? సింధుదా!

… నాది? … నాదొక్కటి వినవడ్తలేదా? పిల్లది ఒక్కటే?

సింధూ! ఏం మాట్లాడకు! … ‘ఎందుకు’ అని కూడా అనకే తల్లీ, గా ‘ఎందుకు’ కూడా ఊరంత వినవడ్తున్నది! నోరు మూసుకొని విను. గా ఐలేష్ నా ఫోన్ కలిపింది పాటలకే కాదు, నీ మాటలకు కూడానంట! ఇప్పటిదాంక నువ్వన్నవన్నీ గొట్టంలకెళ్లి పోయినయ్. ఏమన్నవ్ నువ్వు? "ఎల్లమ్మ రేకుతోని నువ్వే కప్పినవా నాయనమ్మా" అన్నవ్. ఒకపారి కాదు, రెండుపార్లు. "అయితే తాత తలకాయ మంచిగనే ఉన్నదన్నట్టు" అన్నవ్…

… అయ్యో.

ఎన్క అర్ర తలుపు తీసిన్రు.

వస్తున్నడు బిడ్డా. చెప్పులు కూడా ఏసుకోలే. రుమాలు భుజం మీద… జీపు కాడికే వస్తున్నడు.

ఏమయ్యా… … అవ్. … అవ్, నేనే. ఎల్లమ్మను ఎందుకు అనుమానిస్తవ్, తల్లిది తప్పు లేదు, అతికించినోళ్లది… … చెర్వుల దించింది నేనే. మూడు సుట్లు తిప్పింది నేనే. నీ తలకాయ నీ కాడనే ఉన్నది.

… నవ్వుతున్నడు సింధూ. నిన్న సంది ఇప్పుడే నవ్వుడు. జీపు తలుపు మీద తలపెట్టి నవ్వుతున్నడు… ఏం? … జరగాలెనా? ఎక్కడికి? … తుర్కయాంజాలా! దివాకర్ వచ్చేదాంక ఎందుకు, మనమే పోదమా? అన్నం తినవా? … ఆడనే తింటవా? సింధూ, బియ్యం పొయ్యి మీదెయ్యి. నలుగురికి కాదు, ఆకలిగున్నడు, ఆరుగురికెయ్యి.

బిడ్డా, ఇందాక ఏసిన ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. మీ బాపు తానం కాడికెళ్లి రాంగనే అంతా చెప్పు. నా పేరు పెట్టే చెప్పు. నారయ్య కంది చేను, రెండో గేరు, అది ఇడిసిపెట్టకు. రేపు నీ పిల్లలు అడిగినా గిట్లనే చెప్పాలె, యాది పెట్టుకో — తాత దారి తప్పలే, నాయనమ్మ ఆకాశం మూసింది అని. ఇగ నేను తొవ్వల ఒక్క ముచ్చట కూడా చెప్ప, మీ గేటు దాటిపోకుంట…

ఏయ్, డబ్బా మీద గా ఎర్రది ఒత్తకయ్యా, పిల్ల ఇంకా మాట్లాడు—