ఇద్దరిళ్ళలోనే కూలిపోయే ప్రోగ్రాం

ముందుగది. బల్ల మీద కంప్యూటర్, పక్కన చల్లారిపోయిన టీ. వైర్లు లేని బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టుకుని భర్త. గుమ్మంలో భార్య.

“మళ్ళీ ఆవిడేనా?”

“ఆవిడ కాదే, పని. మళ్ళీ కూలిపోయింది.”

“పనితో ఎవరైనా అంత నవ్వుతూ మాట్లాడతారా?”

“నీకెన్నిసార్లు చెప్పాలి? లినక్స్ మీద నడిచే రికార్డింగ్ ప్రోగ్రాం ఇది. అందరికీ ఊరికే ఇస్తున్నాం. దీని మీద కలిసి పనిచేస్తున్నాం, నేనిక్కడ, ఆవిడ వాళ్ళ ఊళ్ళో. మాట్లాడుకుంటూ మా గొంతులే రికార్డు చేసి చూస్తున్నాం. ఉన్నట్టుండి టప్పున ఆగిపోతోంది.”

“మిగతావాళ్ళకి ఆగట్లేదా?”

“లేదు. నాకూ ఆవిడకీ మాత్రమే.”

“అబ్బో! మీ ఇద్దరికే!”

“అదే అదృష్టం. ఒక్కరికే వస్తే వాళ్ళ కంప్యూటర్‌లో ఏదో తేడా అని కొట్టిపారేస్తాం. వేరువేరు చోట్ల ఇద్దరికి వచ్చిందా, తప్పు ప్రోగ్రాంలోనే ఉందని, బగ్ నిజమని ఒప్పుకోవాల్సిందే. మా దగ్గర అదే లెక్క.”

“అదృష్టమట! నాతో నాలుగు మాటలు మాట్లాడి ఎన్నాళ్ళయిందో, ఆ లెక్క లేదు గానీ.”

“ఉండు, ఆగిపోయే ముందు ఏం జరిగిందో ఇక్కడ రాసుంటుంది, చూడనీ... ఇదేంటి? హెడ్‌ఫోన్ మాయమైందట. లేనిదానికి శబ్దం పంపబోయి ప్రోగ్రాం కూలిపోయింది. నా నెత్తిమీదుంటే మాయమవడమేంటి?”

“ఏమో. నాకేం తెలుసు?”

“బ్లూటూత్ కదా, ఇంకో ఫోనేదో దీన్ని తనకి కలిపేసి లాక్కుంటే తప్ప... నీ ఫోన్ ఇలా ఇవ్వు.”

“చార్జింగ్‌లో ఉంది.”

“చేతిలోనే ఉందిగా!”

“ఉంది. అయితే ఏంటి? నాకని కొన్న హెడ్‌ఫోన్ అది. అది పెట్టుకుని, ఆవిడ గొంతు వింటూ కళ్ళు మూసుకుంటారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. పక్కగదిలో జాకెట్లు కుట్టుకుంటూ ఫోన్‌లో ఒక్కసారి నొక్కుతా, హెడ్‌ఫోన్ నా ఫోన్‌కి వచ్చేస్తుంది. ఆ గొంతు ఆగిపోతుంది. హాయిగా ఉంటుంది.”

“ప్రతిసారీ నువ్వేనా?”

“ప్రతిసారీ నేనే. కుళ్ళనుకోండి. కుళ్ళే.”

“పిచ్చిదానా! బగ్ దొరికిందే! హెడ్‌ఫోన్ పోయినా ప్రోగ్రాం తట్టుకోవాలి, అంతే. ఉండు, నీ ఫోన్ సంగతి ఆవిడకి రాసేస్తా.”

“రాయండి, రాయండి. ఇద్దరూ కలిసి నవ్వుకోండి.”

“నవ్వడానికేముంది? నీది ఉత్త అనుమానం, దానికేం చేస్తాం... అదిగో, జవాబొచ్చింది.”

“ఏమంటోంది మహాతల్లి?”

“ఏం లేదు.”

“చదవండి.”

“తర్వాత చూద్దాంలే. టీ ఇంకొంచెం ఉందా?”

“పైకి చదవండి.”

“‘ఇప్పుడే మావారిని నిలదీశాను. ఇక్కడా అదే కథ. నా హెడ్‌ఫోన్ లాక్కుంటున్నది ఆయన ఫోనే.’”

“అంటే... ఆయనకి కూడా అనిపించిందన్నమాట.”

“అది వేరు, ఆయన సంగతి—”

“ఏం వేరు? ఒక్కదానికే అనిపిస్తే ఉత్త అనుమానం. వేరువేరు చోట్ల ఇద్దరికి అనిపిస్తే ఏంటో, మీ లెక్క ప్రకారమే చెప్పండి.”