ఖాళీ పెట్టె మీది నాలుగు పేర్లు

నా పేరు ఇమోజీన్ ట్రెడ్‌వెల్. వయసు నలభై నాలుగు. మెంఫిస్‌లో ఒక రికార్డు కంపెనీలో పదకొండేళ్లుగా టేపులు భద్రపరిచే ఉద్యోగం. చరిత్రలో పట్టా ఉంది. మా కంపెనీ వేసిన ఆల్బమ్‌లోని మొదటి బాణీ తాను వాయించిందని వెర్లీన్ పెట్టస్ వేసిన దావాలో, ప్రమాణం చేసి చెబుతున్నాను.

మా గాయకులందరి వెనకా వాయించేది ఒకే బృందం, నలుగురు. ఎప్పుడూ వాళ్లే కనుక, ఉదయం తొమ్మిదికే ఖాళీ టేపు పెట్టెల మీద ఆ నలుగురి పేర్లూ రాసి పేర్చేదాన్ని.

1969 ఏప్రిల్ 16, బుధవారం. గాయకుడు ఇంకా రాలేదు. ఆ నలుగురిలో ఆర్గన్ వాయించే క్లియోథా బైనమ్ పన్ను పీకించుకోవడానికి వెళ్లాడు. కోరస్ పాడటానికి వచ్చిన వెర్లీన్ చర్చిలో ఆర్గన్ వాయిస్తుంది. ఊరికే ఉండలేక వెళ్లి అతని చోట కూర్చుంది. జోళ్లు విడిచి, మేజోళ్లతోనే. ఆకుపచ్చ జోళ్లు.

బృందంలో డ్రమ్స్ వాయించే ఓథా, "ఏం చెల్లీ, ఆదివారం పాపాలు బుధవారమే కడిగేస్తున్నావా?" అన్నాడు.

"నువ్వు దరువెయ్యన్నా. నీ పాపాలకి ఒక్క బుధవారం చాలదు" అంది.

రెండూ ఇరవైకి మొదలుపెట్టి ఏడు నిమిషాలు వాయించారు. టేపు తిరుగుతూనే ఉంది. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. నాలుగింటికి బైనమ్ వాచిన బుగ్గతో వచ్చి, విని, "అచ్చం నా చెయ్యే" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ టేపును ఉదయం పేర్లు రాసిన పెట్టెలోనే పెట్టాను.

బృందం తమ పేరున వేసిన ఆల్బమ్‌లో అదే మొదటిదయింది. అట్ట మీద నాలుగు పేర్లే. వెర్లీన్ ఫోన్ చేసి, "అక్కా, పెట్టె మీద ఏముందో చూసి చెప్పవా" అంది. చూసి, ఆ నలుగురి పేర్లే ఉన్నాయన్నాను. అది నిజమే. మూడేళ్లుగా నాకు నేను అదే చెప్పుకుంటున్నాను. అది నిజమే.

అది తానే వాయించానంటున్న బైనమ్ అబద్ధమాడుతున్నాడని అనలేను. ఇన్నేళ్లు వేదికల మీద వాయించాక, అది తమదేనని అతని చేతులు నమ్మి ఉండొచ్చు. నా జ్ఞాపకాన్నీ అనుమానించాను. కానీ ఆ జోళ్లను గోడవారకు జరిపింది నేనే.

ఈ ఉదయం కోర్టు మెట్ల మీద బైనమ్, "అక్కా, నీ రాతే నాకు సాక్ష్యం" అన్నాడు.

ఆ రాత వాళ్లు వాయించకముందు రాసినది. ఆ బాణీ వాయించింది వెర్లీన్.

దీన్ని చదివి వినిపించారు. చూసినదీ విన్నదీ తప్ప ఇందులో వేరే ఏమీ చేర్చలేదు. చివరి కాగితం ఖాళీగా ఉండగానే సంతకం చేసెయ్యమన్నారు గుమస్తాగారు. అంతా రాశాక, చదివాకే చేశాను.

(సంతకం) ఇమోజీన్ ట్రెడ్‌వెల్
1972 మే 9, ఉదయం 11.40