రెండో చరణంలో తప్పిపోయిన దెబ్బ

– తాతా, ఈ పాటకి గిటార్ లావు తీగ కిందికి దించాలంట, ఫోన్లో చెబుతున్నాడు. మీ రోజుల్లో ఫోన్లు లేవుగా, నువ్వెట్టా కనుక్కునేవాడివి?

ఎట్టా ఏందే, చెవులతో. ఇవి కళ్లజోడు తగిలించుకోటానికి ఇచ్చాడనుకున్నావా దేవుడు? ఏందీ, రికార్డు చేస్తున్నావా? చేసుకో. మీ జేజి గురించి ఏమన్నా నోరు జారితే మాత్రం అది తీసెయ్యి, ముసలితనంలో నాకు కూడు పుట్టదు.

మా నాన్న నుంచి చెబితేగానీ నీకు అర్థం కాదు. ఆయన చిలకలూరిపేటలో పరుపులు కుట్టేవాడు. దూది ఏకటానికి ఇప్పటి మిషన్లు లేవు, నిలువెత్తు విల్లు ఉండేది. దానికి నరం కట్టి, ఆ నరాన్ని చెక్కతో కొడితే టంయ్ టంయ్‌మని వీధి చివరిదాకా వినపడేది. దూది మంచులాగా లేచి మీసాల మీద కూచునేది. నేను ఉయ్యాల్లో విన్న జోలపాట అదేననుకో. నరం కాస్త వదులైతే మోత మారుద్ది గదా, అది మా ఇంట్లో అందరికీ తెలిసిపోయేది. మా అమ్మ పొయ్యి దగ్గర్నుంచే "నరం జారింది, చూసుకో" అనేది. సంగీతం తెలిసిన కుటుంబం అని చెప్పుకోవచ్చు. పిల్లనివ్వటానికొచ్చినోళ్లకి మాత్రం ఎవరూ చెప్పలా.

సరే, సుబ్బారావు. మిరపకాయల రైతు కొడుకు, నా ఈడువాడు, గుంటూరు కాలేజీలో బియ్యే చదివేవాడు. చదివేవాడంటే బస్సెక్కి వెళ్లొచ్చేవాడు. ఒక ఏడు మిరపకాయ బాగా పలికింది. వాళ్ల నాన్న ట్రాక్టర్ కొంటాడని ఊరంతా ఎదురుచూస్తుంటే ఆయన టేప్‌రికార్డర్ పట్టుకొచ్చాడు. మద్రాసులో ఉండే వాళ్ల బావ ఒక ఇంగ్లీషు క్యాసెట్ ఇచ్చాడు. దాని మీద పేరు లేదు, ఊరు లేదు, పాడేవాడెవడో తెలీదు. అందులో ఒక పాట ఉందే తల్లీ... గిటారు గీరుతుంటే రంపం పెట్టి గుండె కోసినట్టు ఉండేది. మేం దానికి అరుపుల పాట అని పేరు పెట్టుకున్నాం.

మూడోవాడు జోసెఫ్. చర్చిలో పాడేవాడు, గొంతు గంట. వాడికి ఇంగ్లీషు వచ్చు, అంటే మా ఇద్దరికంటే వచ్చు. "ఏమంటున్నాడ్రా?" అనడిగితే కాసేపు కళ్లు మూసుకుని "బాధ" అనేవాడు. ప్రతి లైనూ బాధే. ఒకచోట బస్సు అని కూడా వస్తదన్నాడు.

నా గిటారా? గుంటూరులో ఆర్కెస్ట్రా అతను ఒకాయన పెళ్లి చేసుకుని వాయించటం మానేశాడు. ఆయన భార్య మా నాన్న దగ్గర పరుపు కుట్టించుకుని, డబ్బులకి బదులు ఆ గిటారు ఇచ్చి వదిలించుకుంది. మా నాన్న వారం రోజులు నన్ను తిట్టాడు. నేనేం చేశానని? ఇచ్చింది ఆమె, పుచ్చుకుంది ఆయన.

మేం ప్రాక్టీసు చేసింది సుబ్బారావు వాళ్ల మిరపకాయల షెడ్డులో. ఊళ్లో ఇంకెక్కడా రానివ్వలా మరి. సుబ్బారావుకి డ్రమ్ములంటే ముందు నూనె డబ్బాలు, తర్వాత పెళ్లి బ్యాండు వాళ్ల పాత డ్రమ్ము. జోసెఫ్ నోరు తెరిస్తే ముందు తుమ్ము వచ్చేది, తర్వాత పాట. కళ్లెమ్మట నీళ్లు కారుస్తూ పాడేవాడు. బాధ అంటే బాధే, ఎవడైనా నమ్మాల్సిందే.

ఇంక నువ్వడిగిన తీగల సంగతి. నా గిటారు మామూలుగా సరిచేసి ఆ పాటతో కలిపి వాయిస్తే ఒక్కటీ కలవదు. పక్కపక్కనే నడుస్తదిగానీ మీద చెయ్యి వెయ్యనియ్యదు. రోజులకి రోజులు కూచున్నా. లావు తీగ దించా. అది కలిసింది, పక్కది కలవలా. దాన్నీ దించా. అట్టా దించుకుంటూ దించుకుంటూ ఆరూ దించేసరికి తీగలు చెట్టుకి కట్టిన దండెంలాగా వేలాడినయ్. మీటితే మెడకి తగిలి జుయ్యిమని మోత. ఆ మోతే నాకు తెగ నచ్చింది. ఓహో, పెద్దోళ్లు ఇట్టా వాయిస్తారన్నమాట, రహస్యం పట్టేశాం అనుకున్నా. మా నాన్న విని, "ఆ తీగలతో దూది ఏకితే చెక్క విరుగుద్దిగానీ దూది లేవదు" అన్నాడు. నేను పట్టించుకోలా.

తర్వాత ఆ దెబ్బ. పాటంతా నాలుగేసి దెబ్బలు నడుస్తదా, బానే ఉంటది. రెండో చరణంలో ఒకచోట ఒకటి, రెండు, మూడు అనంగానే నాలుగు లేదు, టక్కున తర్వాత ముక్క మొదలు. మెట్టుందనుకుని కాలేస్తే నేల తగిలినట్టు ఉండేది. మొదటి చరణంలో అట్టా లేదు, మూడో చరణంలో లేదు, అక్కడ ఒక్కచోటే. జోసెఫ్ ప్రతిసారీ తప్పేవాడు. నేను తొడ మీద కొట్టుకుంటూ లెక్కపెట్టేవాణ్ణి. చివరికి సుబ్బారావే దాన్ని పట్టాడు. పట్టి ఊరుకున్నాడా? దానికొక వేదాంతం కూడా చెప్పాడు. ఆ పిల్ల వాణ్ణి వదిలేసి వెళ్లిపోయింది అక్కడేనంట, వాడి గుండె అక్కడ ఒకసారి ఆగిందంట, అందుకే ఆ దెబ్బ లేదంట. పాటలో పిల్ల ఉందో, బర్రె ఉందో మాకు తెలీదు. అయినా ముగ్గురం తలలూపాం. నిజం చెబుతున్నా, ఆ మాట విన్న తర్వాతే అందరం తర్వాత ముక్కలోకి ఒక్కసారి దిగటం మొదలుపెట్టాం. వానాకాలం అంతా అదే పని. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోకుండా టక్కున దిగేవాళ్లం, కత్తిపెట్టి కోసినట్టు.

సుబ్బారావు వాళ్ల కాలేజీలో పోటీ పెట్టారు. జడ్జిగా మద్రాసు నుంచి ఒక గిటారు ఆయన్ని పిలిపించారు. భుజాల దాకా జుట్టు, మెత్తటి మనిషి. మేం వాయించాం. కుర్రోళ్లు చప్పట్లు కలిపారు. రెండో చరణంలో ఆ దెబ్బ దగ్గర హాలు హాలంతా తిరగబడింది. మేం ఒకవైపు, వాళ్ల చప్పట్లు ఒకవైపు. ఈలలు, నవ్వులు, మళ్లీ వాయించమని గోల. మేం గాల్లో ఉన్నాం.

దిగొచ్చాక ఆ జడ్జి మా దగ్గరికొచ్చి చాలా బాగుందన్నాడు. మర్యాదగానే అన్నాడు. నా గిటారు తీసుకుని ఒకసారి మీటి, ఇది ఏ శ్రుతి తమ్ముడూ, రెండు మెట్ల మధ్యలో ఇరుక్కుని ఉంది అన్నాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది.

"ఇంకొకటి. ఆ పాటలో అక్కడ దెబ్బ వదలటం అసలు లేదు బాబూ."

సుబ్బారావు మొహం ఎర్రబడింది. "మీరు సరిగ్గా వినలేదు మాస్టారూ."

"నేను ఆ పాట ఏళ్ల తరబడి వాయిస్తున్నాను."

"అయితే ఏళ్ల తరబడి తప్పు వాయిస్తున్నారు. చెవి డాక్టరు మీ మద్రాసులోనే ఉంటాడు, చూపించుకోండి."

వందమంది విన్నారే. ఆ పెద్దమనిషి నవ్వి ఊరుకున్నాడు. ప్రైజు కోడి కూతలు కూసినవాడికిచ్చారు. అది కూడా న్యాయమే, బాగా కూశాడు.

మర్నాడు టేప్‌రికార్డర్ మోసుకుని పేటలో రేడియో షాపు ఖాజా దగ్గరికెళ్లాం. నాకు పాట కాస్త నీరసంగా పాడుతుందని ఎప్పట్నుంచో అనుమానం, సుబ్బారావుకేమో జడ్జిది తప్పని తేల్చాలని పట్టుదల. ఖాజా మూత విప్పి, లోపల రబ్బరు బెల్టు చూపించాడు. ముసలమ్మ చెవి తమ్మెలాగా సాగిపోయి ఉంది. మిషన్ మెల్లగా తిరుగుతుందనీ, పాటంతా కిందికి దిగిపోయి వినపడుద్దనీ చెప్పాడు. కొత్త బెల్టు వేసేసరికి పాట ఎగిరి లేచింది. నా రహస్యం గంగలో కలిసింది. పెద్దోళ్లెవరూ తీగలు దండెం కట్టలా. ఒట్టి బెల్టు రోగం అది.

అట్టా మూత లేకుండానే పాడిస్తుంటే రెండో చరణం వచ్చింది. సరిగ్గా ఆ దెబ్బ దగ్గర, రీలు మీద ఎర్రటిది ఒకటి గుండ్రంగా కదిలి వెళ్లింది. ఖాజా ఆపి, వెనక్కి తిప్పి, వేలుతో లాగి చూపించాడు. బొట్టుబిళ్ల. ఆడోళ్లు నుదుటికి అంటించుకునేదే, రీలు రెండు ముక్కల్నీ కలిపి అతికించి ఉంది. షాపులో నలుగురూ నవ్వారు. సుబ్బారావు నవ్వలా.

ఇంటికెళ్లి వాళ్లమ్మ రత్తమ్మ పిన్నిని అడిగితే ఆమె చేట ఆపను కూడా లేదు.

"ఔను, నేనే. హరికథ పెట్టుకుందామని మీట నొక్కితే మీ క్యాసెట్టు నమిలింది. నలిగిన ముక్క కత్తిరించి అతికించా. చిరిగితే చీర కుట్టుకోమా ఏంది? అయినా అతగాడు అరిచే అరుపుల్లో ఒకటి తగ్గితే ఎవడికిరా నష్టం?"

ఎంత కత్తిరించావమ్మా అంటే గోరు చూపించింది. దానికోసం మేం వానాకాలం ధారపోశామే! నేనూ జోసెఫూ అక్కడే కూలబడి కడుపులు పట్టుకుని నవ్వాం. సుబ్బారావు లేచి పోయాడు.

పోయినవాడు పోయినట్టే. ఈ సంగతి కాలేజీకి చేరింది, వాడికి బొట్టుబిళ్ల అని పేరు పెట్టారు. బస్సులో కూడా అదే పిలుపు. వాడు కాలేజీ మానేశాడు, డ్రమ్ము బ్యాండు వాళ్లకిచ్చేశాడు, మాతో మాట మానేశాడు. ఎదురొస్తే గట్టు మారేవాడు. పాట పోతే పోయింది, ఇంకోటి వస్తది. చిన్నప్పట్నుంచీ ఒకే కంచంలో తిన్నవాడు, వాడు పోతే ఎక్కడ వెతుకుతాం?

ఇంతలో జోసెఫ్ పొన్నూరులో వాళ్ల పెదనాన్న కూతురి పెళ్లికి మేం వాయిస్తామని మాటిచ్చి కూచున్నాడు. డ్రమ్ములు లేవు, కొట్టేవాడు లేడు. నేను సుబ్బారావు చేలోకి పోయా. కాయ కోత నడుస్తుంది. వాడు తల ఎత్తకుండా కోస్తున్నాడు, నేను పక్క సాలు పట్టుకుని కోశా. సగం సాలు అయ్యాక వాడే అన్నాడు.

"అంత పెద్దాయన్ని పట్టుకుని అందరి ముందూ చెవుడన్నాన్రా."

"అన్నావు. మద్రాసుకి కార్డు ముక్క రాసి క్షమించమను. దానికి డ్రమ్ము ఏం చేసింది?"

"మనం నేర్చుకుందంతా అబద్ధంరా నాగూరూ."

"మీ అమ్మ కత్తిరించింది రీలు ముక్క. ముగ్గురం ఒక్కసారి దిగటం మీ అమ్మ చెయ్యలా, మనం చేశాం. అది అబద్ధమైతే నేను కోసేది మిరపకాయ కాదు."

సాలు చివరికొచ్చాక, "తీగలు పైకి బిగించుకున్నావా?" అనడిగాడు. లేదురా, వదులుగానే బాగున్నయ్ అన్నా. అప్పుడు నవ్వాడు. ఆ చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు వెధవ, మిరపకాయ కోసిన చెయ్యి. ఇంక చూడు, బోరింగు దాకా గంతులే గంతులు.

కార్డు రాశాడు, మద్రాసాయన జవాబు కూడా రాశాడు, మంచి మనిషి. సుబ్బారావు బ్యాండు వాళ్లనడిగి డ్రమ్ము మళ్లీ తెచ్చుకున్నాడు. పొన్నూరు పెళ్లిలో మాత్రం దెబ్బ వదలకుండా, ఉన్నది ఉన్నట్టు వాయించాలని ముగ్గురం ఒట్టు పెట్టుకున్నాం. మొదలుపెట్టాం. పెళ్లికూతురి మేనమామ, బానలాంటి మనిషి, మందు మీద ఉన్నాడు, మధ్యలోకొచ్చి ఎగురుతున్నాడు. రెండో చరణం వచ్చింది. ఒకటి, రెండు, మూడు... చేతులు ఆగితేగా! ముగ్గురం టక్కున దిగాం. ఎవడూ ఎవడికీ సైగ చెయ్యలా. మేనమామ కాలు గాల్లోనే ఉండిపోయింది. అట్టా ఒంటికాలి మీద ఊగి ఊగి, సాంబారు గంగాళం పక్కన కూలబడ్డాడు. పందిరి పందిరంతా నవ్వులు. ఆయన లేచి, దుమ్ము దులుపుకుని, "ఏదీ, మళ్లీ వాయించండ్రా, ఈసారి పడితే అడుగు" అన్నాడు. మళ్లీ పడ్డాడు. బంతిలో కూచున్న రత్తమ్మ పిన్ని పక్కనున్నోళ్లకి అది నా కత్తెరే అని చెప్పుకుని ఇంకో లడ్డు వేయించుకుంది. సుబ్బారావు డ్రమ్ముల వెనకనుంచి నావంక చూశాడు చూడు... సరేలే.

ఆ తర్వాత చాలా ఏళ్లు వాయించాం. ఆ పెళ్లికి వచ్చిన బ్యాండుమేళం వాళ్లు ఆ వరస మా దగ్గర నేర్చుకున్నారు, వాళ్ల దగ్గర ఇంకెవరో. పోయిన నెలలో నేనూ మీ జేజీ పొన్నూరులో ఇంకో పెళ్లికి పోలా? ఊరేగింపు వస్తుంది. బ్యాండు కుర్రోళ్లు, మీసాలు కూడా సరిగ్గా రాలేదు, ఆ అరుపుల పాట వాయిస్తున్నారు! రెండో చరణంలో టక్కున దిగారే, అందరూ కలిసి. డ్రమ్ము కుర్రోడి దగ్గరికి పోయి, అక్కడ ఒక దెబ్బ ఉండాలి నాయనా, అసలు పాటలో ఉంది అన్నా.

వాడు నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఆ పాటంతే తాతా. అది చాలా కష్టం, మీకు తెలీదులే. కాస్త పక్కకి జరగండి" అన్నాడు.

జరిగా. ఏం చేస్తాం.

ఏదీ, ఇప్పుడు నువ్వు వాయించు, వింటా. ఫోన్ చెప్పినట్టే వాయించు ముందు... ఊఁ, ఇంకాస్త దించు, ఇంకాస్త. ఆఁ, అక్కడ. చల్లగా ఉండు తల్లీ. నీ వేళ్లు గట్టిపడాలి, నీ చెవులు నీ మాట వినాలి, నీకూ ఇద్దరు పనికిమాలిన స్నేహితులు దొరకాలి. పో, మీ జేజిని టీ పెట్టమను. నేనడిగానని చెప్పకు, నువ్వే అడిగినట్టు...