మాస్టారి ట్యాబ్

బడి సామాన్ల గదిలో బల్ల మీద పన్నెండు చవక ట్యాబ్‌లు వరసగా ఉన్నాయి. మాస్టారు పోయిన నెలన్నరకు ఆయన భార్య, తమ్ముడు వాటి ముందు కూర్చున్నారు.

“పిల్లలవన్నీ సిద్ధం, వదినా. అన్నయ్య వాడిందే తెరుచుకోవడం లేదు. ఇంకొక్కసారి పాస్‌వర్డ్ తప్పు కొడితే అందులోది మొత్తం చెరిగిపోతుంది.”

“ఇంకెక్కడా కాపీ లేదా?”

“అన్నయ్య వేసిన సిస్టమ్ అలాంటిది. ఏ కంపెనీకీ ఏదీ పంపదు. అందులో రికార్డయ్యే పిల్లల గొంతులు పరాయివాళ్ల చేతుల్లో పడకూడదని పట్టుబట్టి వేశాడు.”

“ఆయన తన గొంతుతో చదివి రికార్డు చేసిన పాఠాలూ అందులోనేగా.”

“అందులోనే. పెళ్లిరోజు కొట్టాను, మీ పేరు కొట్టాను.”

“నా పేరు పెట్టేంత సరసం ఆయనకెక్కడిది?”

“రోజూ నోట్లో నానే మాట పెట్టుకోమని పిల్లలకి చెప్పేవాడు.”

“రోజూ అంటే... ట్యాబ్‌లు పంచేముందు గుమ్మంలో నిలబడి ఒకటే అడిగేవారు. జిడ్డు వేలు కనిపిస్తే కుళాయి దగ్గరికి పంపేవారు. ఓసారి నేను పిండి చేతులతో ముట్టుకోబోతే, ఇంటావిడకైనా ఇదే నియమం అన్నారు.”

“‘చేతులు తుడుచుకున్నారా’ అనేగా?”

“అదే. కొట్టు.”

“తప్పయితే ఆ గొంతు ఇంక ఉండదు, వదినా.”

“మూసి దాచుకుంటే మాత్రం వినిపిస్తుందా? కొట్టు.”

అతను ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాడు.

“తెరుచుకుంది. ఇదిగో, తీసుకోండి.”

“ఉండు,” అని ఆమె కొంగుతో రెండు చేతులూ తుడుచుకుంది.