ఇద్దరి మధ్య పడ్డ షటిల్

ఫిజియోథెరపీ గది. మరదలు బల్ల మీద బోర్లా పడుకుంది. మడమ వెనక పొడుగాటి కుట్ల మచ్చ. ఫిజియో ఆమె పిక్క నొక్కుతున్నాడు. వదిన, అంటే ఆమె అన్న భార్య, షటిల్ డబుల్స్‌లో ఇన్నేళ్ళ జోడీ, ఆట బట్టల్లోనే వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"తొందరపడొద్దు, తొందరపడొద్దు. వచ్చినప్పట్నుంచీ ఎన్నిసార్లన్నావు వదినా?"

"నీ మంచికే అంటున్నా."

"అబ్బో, నా మంచి. కూర్చో. ఆ చేతిలోదేంటి?"

"ద్రాక్షపళ్ళు. కడిగే తెచ్చా."

"ఆ మూల పెట్టు. డాక్టరు గారు తింటారు."

"నాకు పులుపు పడదమ్మా. కాలు వదిలెయ్యండి. ఎందుకలా బిగబడతారు?"

"నేనేం బిగబట్టలేదు డాక్టరు గారూ."

"రాయిలా ఉంది పిక్క. మీ వదినగారు రాకముందు మెత్తగానే ఉంది."

"అంటే నన్ను బయటికి పొమ్మంటారా?"

"అయ్యో, నేనన్నానా? పిక్క అంటోంది."

"కూర్చో వదినా. ఆయన అందరితోనూ అంతే. ఏదో చెప్పాలని వచ్చావు, చెప్పు."

"ఏం లేదు. సాయంత్రం క్లబ్బులో మాస్టారు జోడీలు చెప్తారంట."

"ఊఁ."

"పెద్ద టోర్నమెంటు."

"తెలుసు."

"నిన్ను అడుగుతారేమో, కాలెలా ఉంది, ఆడతావా అని."

"అడిగితే?"

"ఈసారికి వద్దనెయ్. ఇంకొన్నాళ్ళు ఆగితే నీ కాలికే మంచిది. మీ అన్నయ్య కూడా అదే అన్నాడు."

"అన్నాడా, అనిపించావా?"

"మీ అన్నయ్య చేత అనిపించడం నా వల్లయితే ఇంట్లో కారే కుళాయి ఎప్పుడో బాగయ్యేది."

"నా రాకెట్‌కి తీగలు బిగించి గట్టింగ్ వేస్తే గానీ స్నానానికి లేచేవాడు కాదు అన్నయ్య. పెళ్ళయ్యాక నీది ముందు."

"రెండూ ఒకే రోజు వేస్తాడు."

"ఒకే రోజే. నీది ముందు."

"ఇప్పుడు గట్టింగ్ గొడవెందుకే?"

"అన్నయ్యని మధ్యలోకి తెచ్చింది నువ్వు. సరే గానీ, పిచ్చుక ఎలా ఆడుతోంది?"

"ఆ పిల్లనలా పిలవకు. నీ చోటులో ఆడుతోందని..."

"నేను పెట్టిన పేరా? క్లబ్బంతా పిచ్చుకనే అంటారు. మీద గాలి ఊదితే ఎగిరిపోయేలా ఉంటుంది. ఎలా ఆడుతోంది?"

"బాగానే."

"బాగానే అంటే?"

"ఎందుకులే. నీకు బాధగా ఉంటుంది."

"బాధపెట్టడానికేగా ద్రాక్షపళ్ళు తెచ్చింది. చెప్పు."

"చూశావా, నీతో ఇదే! మంచిగా వస్తే చాలు..."

"సరే, సరే. మొన్న ఆటలో మీ ఇద్దరి మధ్యలో పడ్డవి ఎవరు తీశారు?"

"ఎవరిది వాళ్ళం తీశాం."

"నాది అని ఎవరు అరిచారు?"

"ఎవరూ అరవలేదు."

"ఎవరూ అరవకుండా ఎలా ఆడతారు వదినా?"

"అదే చెప్తున్నా. అరవాల్సిన పనే రాలేదు. నేను కదిలితే తను ఆగుతుంది, నేను ఆగితే తను వెళ్తుంది. నోరు తెరవక్కర్లేదు. నీతో ఆడినన్నాళ్ళూ నాది, నాది అని గొంతు చించుకున్నా. ఇంటికెళ్తే మాట వచ్చేది కాదు."

"అన్నయ్యకి హాయి."

"నవ్వు. నువ్వు నవ్వుతున్నావంటే లోపల మండుతున్నట్టు. నీ సంగతి నాకు తెలీదా?"

"నాకేం మంట? రోజూ వచ్చి చూస్తున్నాగా."

"చూస్తున్నావు. ఎక్కడో ఆ చివరి వరసలో, దాక్కున్నట్టు. ముందు కూర్చోవచ్చుగా?"

"ముందు కూర్చుంటే వచ్చినవాళ్ళల్లా కాలెలా ఉందంటారు. చివర్లో స్తంభం పక్క కుర్చీ, దాని కాలొకటి పొట్టిది. ఊగుతుంటే కింద అట్టముక్క మడిచి పెట్టుకున్నా. అక్కణ్ణుంచి నీ వీపు బాగా కనిపిస్తుంది."

"నా వీపెందుకు?"

"ఊరికే."

"మాటలు చాలు. లేచి నిలబడండమ్మా. గోడ పట్టుకోవద్దు. ఆ కాలి మీదే. మునివేళ్ళ మీద లేవండి... ఊఁ... మెల్లగా దిగండి. దభీమని కాదు. మళ్ళీ."

"వణుకుతోంది డాక్టరు గారూ, చూడండి. అదిగో!"

"వణకట్లేదమ్మా."

"నాకు కనిపిస్తోందిగా."

"మీకు కనిపిస్తున్నది ప్యాంటు. ఫ్యాను గాలికి."

"అది కాదండీ, మీరు సరే అనేశాక కోర్టులో మళ్ళీ తెగితే? ఎవరిది పూచీ? ఇంకొన్నాళ్ళు ఆగమని మీరైనా చెప్పండి. మీరు చెప్తే వింటుంది."

"ఆమె ఎవరు చెప్తే వింటుందో నేను ఇంకా కనుక్కోలేదు. ఇంక గెంతులు మిగిలాయి. త్వరగా కానిద్దాం, మళ్ళీ ఆ చిన్నమ్మాయి వచ్చే వేళవుతుంది."

"ఏ చిన్నమ్మాయి?"

"అదే, మీతో ఆడే అమ్మాయి. పాపం నిన్న ఎంత ఏడ్చిందో..."

"డాక్టరు గారూ."

"ఆఁ. నేను ఐస్ తెస్తా. లోపలుంది. కాస్త టైం పడుతుంది."

"పిచ్చుక ఇక్కడికొస్తుందా?"

"వస్తుంది వదినా."

"ఎప్పట్నుంచి?"

"నా కుట్లు విప్పినప్పట్నుంచి."

"నాతో ఒక్క మాట అనలేదు! రోజూ పక్కపక్కనే ఉంటాం. నా సీసాలో నీళ్ళు తాగుతుంది. ఒక్క మాట!"

"నేనే వద్దన్నా."

"ఏం చేస్తారిక్కడ?"

"ఆ మూల తాడు చూశావా? అదే నెట్టు. నేను కుర్చీలో కూర్చుని షటిల్ విసురుతా. తను తీస్తుంది. తప్పు తీస్తే మళ్ళీ విసురుతా."

"అందుకే! సర్వీసుకు ముందు వేళ్ళ మీద ఊదుకుంటోంది. అచ్చం నీలా. ఎక్కడ చూశానా అనుకున్నా. పిల్లలు చూసి నేర్చుకుంటారులే అనుకున్నా."

"అది నేను నేర్పలేదు. దానంతటదే పట్టుకుంది."

"నెట్టు మీంచి అలా జారవిడుస్తుందే, ఆ డ్రాపు? అదీ చూసే పట్టుకుందా?"

"అది నేర్పాను."

"నేర్పావు."

"ఊఁ."

"నేనెన్నిసార్లడిగాను? పెళ్ళి కాకముందు అడిగా. పెళ్ళయ్యాక అడిగా. జ్వరంతో పడుకుని కూడా అడిగా. ఏమన్నావు? నేర్పేదేం లేదు, చేతికి దానంతటదే రావాలి అన్నావు."

"అన్నాను."

"అబద్ధమా?"

"అబద్ధమే. తగిలే క్షణంలో బొటనవేలు వదులు చెయ్యాలి. అంతే."

"అంతేనా?"

"అంతే. పిచ్చుకకి వారంలో వచ్చేసింది."

"బొటనవేలు! ఇన్నేళ్ళూ మణికట్టనుకుని మణికట్టు విరగ్గొట్టుకున్నా. నాకు చేతకాదనుకున్నా. మాస్టారూ అదే అనుకున్నారు, మీ అన్నయ్యా అదే అనుకున్నాడు. పక్కన నిలబడి చూస్తూ ఊరుకున్నావా?"

"నువ్వు నేర్చుకుంటే ఇక నాకేం మిగులుతుంది వదినా? స్మాషు నీది. బలం నీది. అన్నయ్య నీవాడయ్యాడు. ఆ ఒక్కటే నాకుండేది."

"మరి దానికెందుకిచ్చావు?"

"నోరు తెరవక్కర్లేదన్నావే, అది ఎలాగో తెలుసా? వెనక్కి వెళ్ళేముందు నువ్వు ఎడమ భుజం దించుతావు. షటిల్ వదిలేద్దామనుకున్నప్పుడు మడమ మీద బరువేస్తావు. పక్కన ఆడినన్నాళ్ళూ నాకూ తెలీదు. వెనకనుంచి చూస్తే తెలిసింది. అది చూసి కదలమని దానికి చెప్పా. మీ ఇద్దరికీ మనసులు కలిసి కాదు. అది నీ వీపు చదువుతోంది."

"ఛీ!"

"ఛీ అని ఎవర్నంటున్నావు?"

"ఇద్దర్నీ. ఏంటిదంతా? నా మీద జాలా? నీ కాలు పోయిందని నాకో జోడీని తయారుచేసిచ్చావా?"

"ఆ రోజు నువ్వేమని అరిచావు?"

"ఏ రోజు?"

"మనకెన్ని రోజులున్నాయి వదినా?"

"గుర్తులేదు. అంత గోలలో... అరిచానో లేదో కూడా..."

"అరిచావు."

"అయితే నాది అనే అరిచుంటా."

"నాది అంటే నేను ఆగేదాన్ని. ఆ రోజు నడిచే ఇంటికెళ్ళేదాన్ని. మొదటి రోజు మనల్నిద్దర్నీ నిలబెట్టి మాస్టారేమన్నారు?"

"ఇప్పుడవన్నీ ఎందుకు?"

"చెప్పు."

"కోర్టులో నీది అనే మాట లేదన్నారు. నాది అనండి, లేకపోతే నోరు మూసుకోండన్నారు."

"షటిల్ మధ్యలో పడుతోంది. నేను ముందు, నువ్వు అడుగు వెనక. చెయ్యి చాస్తే నీకందుతుంది. నీదే కదా అని నేను ఆగిపోయా. అప్పుడరిచావు. ఆగిన కాలి మీదే మళ్ళీ దూకా. ఏమని అరిచావు?"

"నాకు ఊపిరాడట్లేదే అప్పుడు! నువ్వైతే అందుకుంటావని... అందరూ అదేగా అనేది, ఎక్కడున్నా అందుకుంటుందని! వస్తే నీ గొప్ప, పోతే నా తప్పు. ఆ ముందువారం పేపర్లో ఏం ఫొటో వేశారు? నీ మొహం, నా మోచెయ్యి. మీ అన్నయ్య దాన్ని కత్తిరించి తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద అంటించాడు. పాలు తీసినప్పుడల్లా నా మోచెయ్యి నేనే చూసుకోవాలి!"

"అందుకని."

"అందుకని ఏం లేదు! నీ నరం తెగుతుందని నాకు కలొచ్చిందా?"

"రాలేదు. ఎవరో వెనకనుంచి మడమ మీద తన్నారనుకున్నా. ఆ నరం తెగితే అందరికీ అలాగే ఉంటుందట, డాక్టరు గారు చెప్పారు. ఎవరు తన్నారా అని అందరూ వెనక్కి తిరిగి చూస్తారట. నేనూ చూశా. నువ్వున్నావు."

"నేను నిన్ను ముట్టుకోలేదు."

"ముట్టుకోలేదు."

"ఆస్పత్రిలో నీ మంచం పక్కన కూర్చుంది ఎవరు? నీ జుట్టు దువ్వింది ఎవరు? స్నానానికి భుజం పట్టిందెవరు?"

"నువ్వే. రోజూ ఎదురుచూశా, ఇవాళ చెప్తావేమో అని. జుట్టు దువ్వి వెళ్ళిపోయేదానివి."

"ఏం చెప్పాలి?"

"ఏం లేదులే."

"ఐస్ తెచ్చానమ్మా. రావచ్చా? ఏమీ పగల్లేదుగా?"

"రండి డాక్టరు గారూ. గెంతమంటారా?"

"గెంతండి. ఆ ఒంటికాలి మీదే. ఆ గోడదాకా... ఊఁ. తిరిగి రండి. ఇంకా ఎత్తుగా. పక్కకి... ఇటు... నొప్పి?"

"లేదు."

"లాగుతోందా?"

"లేదు."

"అబద్ధం చెప్తే నాకు తెలిసిపోతుంది."

"లేదంటున్నాగా. మా వదిన్ని అడగండి, అబద్ధం చెప్తే తనకీ తెలిసిపోతుంది."

"అయితే నా వైపునుంచి అడ్డు లేదు. ఆడుకోండి. మాస్టారికి నేనే ఫోన్ చేసి చెప్తా."

"ఆడొచ్చా? నిజంగా?"

"నిజంగానే అమ్మా. ఏం, మీకు సంతోషంగా లేదా?"

"అయ్యో, ఎందుకుండదు! నేనొక్కదాన్నే కదా దీనికి... అదే, వస్తోందంటే నాకంటే ఎవరికి సంతోషం? భయం కొద్దీ అన్నా గానీ. చూడవే, అయిందేదో అయింది. మళ్ళీ మన జోడీయే. నీ డ్రాపు, నా స్మాషు. ఆ బొటనవేలు సంగతి కూడా నేనేం మనసులో పెట్టుకోను."

"పెట్టుకోకు."

"పిచ్చుకకి నేను చెప్తా. చిన్నపిల్ల, సర్దుకుంటుంది. దానికింకా బోలెడు వయసుంది."

"దానికి నిన్ననే చెప్పా. అందుకే ఏడ్చింది."

"పాపం. నా పక్కన ఆడటం అలవాటైంది."

"అవును. నువ్వంటే ఇష్టమట. నిన్ను వదిలి రానని ఏడ్చింది."

"వదిలి రావడమేంటి? నన్ను వదిలి ఎక్కడికి?"

"మాస్టారు కూడా సరే అన్నారు వదినా. ఇక జోడీ నేనూ, పిచ్చుకా."

"మరి నేను?"

"చివరి వరసలో స్తంభం పక్కన. కింద అట్టముక్క తియ్యకు, ఊగుతుంది. ఆ కుర్చీ ఇక నీది."